ఇష్టం తరవాతి మాట

నీళ్ళ శాఖ ఇంజనీరుని పెళ్ళి చేసుకున్న ఆడదాన్ని చూసి అయ్యో పాపం అనడానికి ఇంతవరకూ ఎవరూ ముందుకు రాలేదు. పట్టణంలో ఏ వీధికి ఏ పూట నీళ్ళు వదలాలో తేల్చేది మా ఆయన. అంతవరకూ బాగానే ఉంది. ఇంటికొచ్చాక కూడా ఆయన చేతికి తిప్పడానికి ఒక వాల్వు కావాలి. లేకపోతే ఆయనకి తోచదు.

ఈమధ్య ఆయన తిప్పుతున్న వాల్వు మా అత్తయ్య గొంతు.

"ఇదేమిటి?" అన్నారు పొద్దున్నే, దగ్గు మందు సీసా నా మొహం ముందు పెట్టి.

"దగ్గు మందు."

"రంగేది మరి?"

"కొన్నిటికి రంగుండదు."

మూత తీసి వాసన చూశారు. ఒక చుక్క నాలిక మీద వేసుకుని కళ్ళు మూసుకున్నారు. పట్టణంలోని ట్యాంకులన్నిటి నీళ్ళూ రుచి చూసిన నాలిక అది.

"మన ఫిల్టరు నీళ్ళు," అన్నారు కళ్ళు తెరిచి.

దొరికిపోయిన దొంగ ఎలాంటి మొహం పెట్టాలో నాకు తెలుసు. పెట్టబుద్ధి కాలేదు. "ఆవిడకి నాలిక పిడచకట్టుకుపోతోందండీ. మనిషన్నాక దాహం వేయదా?" అన్నాను.

"దాహమా ఊపిరా, ఏది ముఖ్యం?"

"రెండూ ఉంటేనే మనిషంటారు."

అత్తయ్య కిటికీ దగ్గర కుర్చీలో ఉన్నారు. పడుకుంటే ఊపిరాడదు. వెనక్కి వాలినా ఆడదు. అందుకని ముందు బల్ల వేసి, దాని మీద దిళ్ళు పేర్చి, వాటి మీదికి వంగి కూర్చుంటారు. పరీక్షకి చదువుతూ పుస్తకం మీద నిద్రపోయిన పిల్లలా ఉంటుంది వెనకనుంచి చూస్తే. ముందునుంచి చూస్తే అలా ఉండదు.

రొమ్ములో వచ్చి, నయమైందనుకున్న క్యాన్సరు ఇప్పుడు ఊపిరితిత్తి పైపొర మీదికి వచ్చింది. ఆ పొరల సందులో నీరు ఊరుతోంది. ఊరిన నీరు ఊపిరితిత్తిని నొక్కేస్తోంది. ఆసుపత్రికి తీసుకెళ్ళి వీపులోంచి సూదితో లాగిస్తే కొన్నాళ్ళు హాయిగా ఉంటారు. తరవాత మళ్ళీ మామూలే. ఈసారి మరీ తొందరగా చేరింది.

డాక్టరమ్మ అందరికీ అర్థమయ్యేలా "నీరు చేరింది" అంది. అనకుండా ఉండాల్సింది. ఎవరి ముందు ఏ మాట అనాలో డాక్టర్లకి చదువులో చెప్పరనుకుంటాను. నీరు అన్న మాట వినగానే మా ఆయనకి అది తన శాఖ వ్యవహారమైపోయింది. చేరే నీరు ఎక్కణ్ణించో రావాలి కదా, రాక తగ్గిస్తే నిలవ తగ్గుతుంది కదా అన్నారు. ఆ సాయంత్రమే ఒక కొలపాత్ర తెచ్చి, దానికి నల్ల పెన్నుతో గీత గీసి, "అమ్మకి రోజంతటికీ ఇంతే," అన్నారు.

గీత ఎక్కడుందో చెబితే మీకూ నోరెండిపోతుంది. అందుకే దగ్గు మందు సీసా.

"అమ్మా, నువ్వైనా చెప్పొద్దూ, ఇది నీళ్ళు పోస్తోందని?" అన్నారు ఆయన తల్లి వైపు తిరిగి.

అత్తయ్య తలెత్తారు. "దాన్ని..." అని ఊపిరి తీసుకున్నారు. "దాన్ని ఏమీ..."

"చూశావా, దాన్ని ఏమీ నమ్మొద్దంటోంది."

"దాన్ని ఏమీ అనొద్దంటున్నారు," అన్నాను నేను.

ఎవరిది నిజమో తేల్చేంత ఊపిరి ఆవిడ దగ్గర లేదు. తల మళ్ళీ దిండు మీద పెట్టేసుకున్నారు.

మా ఇంట్లో అసలు జబ్బు ఇదీ. మన మాటల్లో కీలకమంతా చివర ఉంటుంది. ఎంత పొడుగు వాక్యమైనా అవునో కాదో, కావాలో వద్దో ఆఖరి ముక్క దగ్గరే తేలుతుంది. అత్తయ్య ఊపిరి ఆ ఆఖరి ముక్కదాకా వెళ్ళడం లేదు. దాంతో ఆ ముక్క అందించే పని ఇంటిల్లిపాదీ పంచుకున్నాం. "కిటికీ..." అంటే మా వదిన వెళ్ళి మూసేస్తుంది. ఆవిడ తెరవమనబోయారని ఉక్కపోసి చెమటలు పట్టాకగానీ తెలీదు. "పాలు..." అంటే నేను తెస్తాను. తెచ్చాక ఆవిడ గ్లాసు వైపు చూసే చూపులో వద్దు అన్న మాట ఉంటుంది.

ఇలాంటి ఖర్మ ఎవరికి పట్టినా ఆవిడకి పట్టకూడనిది. ఉద్యోగం చేసినన్నాళ్ళూ ఆవిడ బస్టాండులో మైకు ముందు కూర్చున్నారు. ఏ ఊరి బస్సు, ఏ ప్లాట్‌ఫారం మీదికి, ఏయే ఊళ్ళ మీదుగా, ఎప్పుడు బయలుదేరుతుందో అన్నీ ఒకే వాక్యంలో, ఒకే ఊపిరిలో, "బయలుదేరును" దాకా లాక్కొచ్చి దింపేవారు. అక్కడందరూ మైకమ్మ అనేవారు. ఇంట్లో మైకు అక్కర్లేకపోయేది. నా పెళ్ళైన కొత్తలో పెరట్లో బట్టలారేస్తుంటే వీధి గదిలోంచి ఆవిడ పిలిస్తే పక్కింటి కోడలు కూడా పలికేది.

గేటు చప్పుడైంది. మా వదిన, అంటే మా ఆయన అక్కగారు, కారు తాళాలు ఊపుకుంటూ వచ్చింది. డ్రైవింగ్ స్కూల్లో నేర్పుతుంది. ఎప్పుడూ పక్క సీట్లో కూర్చుని కాలి కింద ఇంకో బ్రేకు పెట్టుకుని బతికిన మనిషి. ఏ కుర్చీలో కూర్చున్నా, ఎదుటి మనిషి మాట నచ్చకపోతే కుడికాలు నేలకేసి నొక్కుతుంది.

"ఏమిట్రా పొద్దున్నే గొడవ? వీధిదాకా వినపడుతోంది," అంది.

"మీ మరదల్ని అడుగు. అమ్మకి దొంగతనంగా నీళ్ళు తాగిస్తోంది."

"ఎందుకమ్మాయ్? డాక్టరు వద్దన్నాక?"

"డాక్టరు ఎక్కడ వద్దంది వదినా? వద్దన్నది మీ తమ్ముడు."

వదిన కాలు నేలని నొక్కింది. ఎవరి మాటకో తేలలేదు.

"అది కాదు," అంది కూర్చుంటూ. "అసలు ఆ గొట్టం సంగతి ఏం చేశారు? పోయినసారి డాక్టరు చెప్పిందన్నావుగా. పక్కలో సన్న గొట్టం అమర్చి వదిలేస్తే ఇంట్లోనే తీసుకోవచ్చని."

"అది అయిపోయిన సంగతి. అమ్మ వద్దంది."

"అమ్మ వద్దందా?"

"నా ఎదురుగానే."

నేను ఆ రోజు ఆ గదిలో లేను. మందుల కిటికీ దగ్గర వరసలో ఉన్నాను. వదిన కారు ఎక్కడ పెట్టాలో తెలీక ఆసుపత్రి చుట్టూ తిరుగుతోంది. అత్తయ్య ఆ గదిలో ఏమన్నారో విన్నది డాక్టరమ్మా, మా ఆయనా.

"అయినా మనిషికి కుళాయి బిగించడమేమిటి?" అన్నారు ఆయన. "కారే చోటు చూసి మూయాలి గానీ, కారినంతసేపూ పట్టుకోవడానికి గొట్టం పెడతారా ఎవరైనా? నా దగ్గర ఏ పనివాడైనా అలా చేస్తే ఊరుకుంటానా? పొడి లాంటిది వేసి పొరలు రెండూ అంటించేసే పద్ధతి కూడా ఉందట. శాశ్వతంగా ఆగుతుంది. అది చేయమంటాను."

"ఆ పద్ధతి అమ్మకి కుదరదని డాక్టరు చెప్పిందని నువ్వే చెప్పావుగా."

"ఇంకోసారి గట్టిగా అడుగుతాను."

"గట్టిగా అడిగితే కుదురుతుందా?" అన్నాను.

"నువ్వు ఊరుకో. గొట్టం పెడితే ఆసుపత్రికి తిరిగే పని తప్పుతుందని నీ ఆత్రం."

ఇలాంటి మాటలకి నేను జవాబివ్వను. ఆ పూట కూరలో ఉప్పు చూసుకోమంటాను. కానీ ఇవాళ ఇంకా కూర వండలేదు. అందుకని నోటితోనే అన్నాను. "అవునండీ. సూది పొడిపించుకోవడానికి ఆవిడా, ఆవిణ్ణి మెట్లు దింపడానికి నేనూ, దార్లో కొట్లాడుకోవడానికి మీరిద్దరూ. ఆ పని తప్పితే ఎవరికి నష్టమో చెప్పండి."

వదిన తల్లి దగ్గరికి వెళ్ళి వంగింది. "అమ్మా, గొట్టం వద్దన్నావా నువ్వు?"

అత్తయ్య కళ్ళు తెరిచి కూతుర్ని చూశారు. తరవాత కొడుకుని చూశారు. చాలాసేపు చూశారు. "నేను..." అన్నారు.

"అన్నాను అంటోంది," అన్నారు మా ఆయన.

ఆవిడ చెయ్యి కొద్దిగా లేచింది. మళ్ళీ దిండు మీద పడిపోయింది. ఆ చేతిని అలా చూశాక గోళ్ళు నా కళ్ళబడ్డాయి. గోళ్ళకి నీలిరంగు వచ్చింది. పెదవులకీ వచ్చింది. మేము నీళ్ళ గురించీ గొట్టం గురించీ వాదించుకుంటున్న కాసేపట్లో వచ్చిన రంగు అది. పక్కటెముకల మధ్య చర్మం లోపలికి పోయి వస్తోంది.

"వదినా, కారు తీయండి," అన్నాను.

డ్రైవింగ్ స్కూలు కారు అది. ముందూ వెనకా పెద్ద ఎర్ర ఎల్ అక్షరం, రెండు వైపులా బ్రేకులూ. అత్తయ్యని వెనక సీట్లో కూర్చోబెట్టి, నా ఒళ్ళో దిళ్ళు పెట్టి, వాటి మీదికి వంచి పట్టుకున్నాను. మా ఆయన ముందు, నేర్పేవాళ్ళు కూర్చునే సీట్లో కూర్చున్నారు.

వీధి మలుపు తిరిగామో లేదో కారు కీచుమంటూ ఆగిపోయింది. దిళ్ళతో సహా నేనూ అత్తయ్యా ముందుకి జారాం.

"బ్రేకు తొక్కావా నువ్వు?" అంది వదిన.

"ఎదురుగా లారీ."

"అది ఆగున్న లారీరా. డ్రైవరు దిగి టీ తాగుతున్నాడు."

"కదిలితే?"

"టీ గ్లాసుతో కదులుతాడా? కాలు తియ్యి."

వెనక హారన్లు మొదలయ్యాయి. అక్క ఎక్సిలేటరు తొక్కుతోంది, తమ్ముడు బ్రేకు మీద కాలు తీయడం లేదు. కారు దగ్గుతోంది. నా ఒళ్ళో అత్తయ్య దగ్గుతున్నారు. ఈ ఇంటి పరిస్థితిని ఇంతకన్నా బాగా నేను వర్ణించలేను.

"ఒరేయ్... కాలు..." అన్నారు అత్తయ్య.

"కాలు నొప్పా అమ్మా?" అన్నారు మా ఆయన వెనక్కి తిరిగి.

"తియ్యమంటున్నారు," అన్నాను.

అత్తయ్య తలూపారు. ఎన్నాళ్ళకో ఒకరు సరిగ్గా అందించినందుకు నా చెయ్యి నొక్కారు కూడా. అప్పుడొచ్చింది నాకు అనుమానం.

కారు కదిలాక మెల్లిగా అడిగాను. "ఏవండీ, ఆ రోజు డాక్టరమ్మ గదిలో అత్తయ్య వద్దు అన్నారా? ఆ మాటే అన్నారా?"

"వద్దు అని కాదు. ఇష్టం లేదంది."

"లేదు అన్నారా?"

"ఏమిటీ లాయరు ప్రశ్నలు? 'గొట్టం పెట్టించుకోవడం నాకిష్టం' అనేసరికి దగ్గు తెర వచ్చింది. 'లేదు' అని నేను అందించాను. డాక్టరమ్మ ఎక్స్‌రే ఫిల్ము చూస్తోంది, ఆవిడకి జవాబు చెప్పాలి కదా. కన్నతల్లి ఏమనబోతోందో నాకు తెలీదా?"

ఈసారి బ్రేకు తొక్కింది వదిన. నడి రోడ్డు మీద. తమ్ముడి వైపు తిరిగి ఏదో అనబోయి, వెనక సీట్లో తల్లి ఊపిరి చప్పుడు విని, నోరు మూసుకుని మళ్ళీ గేరు వేసింది. ఆసుపత్రిదాకా ఉన్న ఆ కాస్త దూరంలోనే అత్తయ్య ఊపిరి ఎంత కష్టంగా ఉందో నాకు పూర్తిగా వినపడింది.

పరీక్ష గదిలో డాక్టరమ్మ అత్తయ్య వీపు మీద స్కానింగు పెట్టి చూసింది. నల్లటి తెర మీద ఇంకా నల్లగా ఒక మడుగు, దాని అడుగున ముడుచుకున్న ఊపిరితిత్తి తోకలా కొట్టుకుంటోంది. ముక్కుకి ఆక్సిజన్ పెట్టించింది. తరవాత నోరు తెరవమంది.

"నాలిక ఇలా ఎండిపోయిందేమిటమ్మా? నీళ్ళు తాగడం లేదా?"

నేను మా ఆయన వైపు చూశాను. వదిన కూడా చూసింది. పక్కనున్న నర్సుకి ఏమీ తెలియకపోయినా, మేము చూస్తున్నాం కదా అని తనూ అటే చూసింది.

"నేనే తగ్గించాను," అన్నారు ఆయన కొంచెం గర్వంగానే. "నీరు చేరుతోందన్నారు కదా. రాక తగ్గిస్తే..."

డాక్టరమ్మ ఆయన్ని చూసింది. కోప్పడలేదు. కోప్పడితే బాగుండుననిపించింది నాకు.

"అది తాగే నీరు కాదండీ. జబ్బు ఆ పొర మీద ఉంది కాబట్టి అక్కడే ఊరుతుంది. అందరికీ తెలిసిన మాట కదా అని నీరు అంటాం. మీరు మంచినీళ్ళు ఆపినా అది ఊరడం ఆగదు. ఈవిడ ఎండిపోతారు, అంతే."

"అంటే... తాగొచ్చా?"

"తాగాలి."

ఆయన జేబులోంచి రుమాలు తీసి మొహం తుడుచుకున్నారు. చెమటేం లేదు. అయినా ఓటమి ఒప్పుకునే రకం కాదు కదా. "సరే, ఆ పొడి వేసి అంటించే పద్ధతి..." అని మొదలుపెట్టారు.

డాక్టరమ్మ పోయినసారి ఫిల్ము గోడ మీది దీపానికి తగిలించింది. "ఇది నీరు తీసేశాక తీసింది. చూడండి, ఊపిరితిత్తి పూర్తిగా విచ్చుకుని గోడకి ఆనుకోలేదు. ఇక్కడ ఖాళీ ఉండిపోయింది. రెండూ ఒకదానికొకటి తగిలితేనే అంటించగలం. తగలనివాటిని ఏ పొడితోనైనా ఎలా అంటిస్తాను?"

ఆ లెక్క ఆయనకి వెంటనే అర్థమైంది. అర్థమైనప్పుడే ఆయన మొహం పాలిపోతుంది.

"ఇప్పుడు రెండే దారులు," అంది డాక్టరమ్మ చేతులకి గ్లవుజులు వేసుకుంటూ. "పోయినసారిలాగే సూదితో తీసి పంపించేయవచ్చు. మళ్ళీ చేరుతుంది, మళ్ళీ రావాలి. లేదా ఆ గొట్టం. మెత్తగా సన్నగా ఉంటుంది, బట్టల కింద కనపడదు. ఊపిరి బరువెక్కినప్పుడు ఇంట్లోనే సీసా తగిలించి తీసుకోవచ్చు. అందులో జాగ్రత్తలూ ఉన్నాయి, చేతులు శుభ్రంగా ఉండాలి, చీము పట్టకుండా కట్టు మార్చాలి. దేనితోనూ జబ్బు పోదు. ఊపిరి మాత్రం ఆవిడ చేతిలో ఉంటుంది. మీరు పోయినసారి వద్దన్నారు. ఇవాళ సూదితో మొత్తం తీసేస్తే మాత్రం ఇక గొట్టం సంగతి మళ్ళీ నీరు చేరాకే. పెట్టడానికి లోపల కొంత ఉండాలి."

"సూదే," అన్నారు మా ఆయన.

అత్తయ్య చెయ్యి లేచింది. ఇంట్లోలాగా పడిపోలేదు. బల్ల అంచు పట్టుకుని, ఇంకో చేత్తో డాక్టరమ్మ కోటు పట్టుకున్నారు. "గొట్టం... నాకు..." అని ఆగిపోయారు. ఊపిరి కోసం భుజాలు ఎగురుతున్నాయి.

"వద్దంటోంది," అన్నారు ఆయన.

"ఒరేయ్," అంది వదిన. కాలు ఆసుపత్రి గచ్చుని పగలగొట్టేలా నొక్కింది.

నాకు ఓపిక అయిపోయింది. "డాక్టరుగారూ, ఆవిడ మాట ఇంకా కాలేదు," అన్నాను. "మా ఇంట్లో ఆవిడ మాటలు ఎవరికి తోచినట్టు వాళ్ళు పూర్తి చేస్తున్నాం. నేనూ చేస్తున్నాను. ఇవాళ మాత్రం ఆవిణ్ణే పూర్తి చేయనివ్వండి."

డాక్టరమ్మ నన్నూ, ఆయన్నీ, తన కోటు పట్టుకున్న చేతినీ చూసింది. "సరే. కొంచెం తీసి ఆపేస్తాను. ఊపిరి తిరిగాక ఆవిడనే అడుగుదాం. అంతదాకా ఈ గదిలో ఎవరూ మాట్లాడకూడదు," అంది.

మా ఇంటి వాళ్ళకి ఇలాంటి డాక్టరు ముందే దొరికుండాల్సింది.

అత్తయ్యని బల్ల మీదికి వంగి కూర్చోబెట్టారు. వీపు మీద మందు రాసి, మత్తు సూది ఇచ్చి, తరవాత అసలు సూది దించారు. సూదికి తగిలించిన గొట్టంలోంచి సీసాలోకి ఆ నీరు రావడం మొదలైంది. మా ఆయన ప్రతిసారీ ఈ సమయానికి బయటికి వెళ్ళిపోయేవారు, ఫోను వచ్చిందని. ఇవాళ తలుపు దగ్గర వదిన నిలబడింది. వెళ్ళడానికి దారి లేదు. చూశారు.

తేనె నీళ్ళలో కాస్త నెత్తురు కలిపిన రంగు. పైన సన్నని నురగ.

ఆయన జీవితమంతా నీళ్ళు చూసిన మనిషి. ఆ సీసా వైపు చూసిన చూపు నేను మర్చిపోను. ఇది తన నీళ్ళు కాదని, తన వాల్వులకి లొంగేది కాదని, ఆ రంగు చూశాకగానీ ఆయనకి తెలిసినట్టు లేదు.

సీసా నిండకముందే డాక్టరమ్మ ఆపేసింది. అత్తయ్యకి దగ్గొచ్చింది, తగ్గింది. గదిలో ఆవిడ ఊపిరి చప్పుడు మెల్లిమెల్లిగా వినపడటం మానేసింది. పెదవుల నీలం వెలిసింది. నర్సు కూర్చోబెట్టి గ్లాసుతో నీళ్ళిచ్చింది.

ఆవిడ తాగారు. గీతలు లేని గ్లాసు. గుక్క గుక్కకీ గొంతు కదలడం అందరం చూశాం. ఖాళీ గ్లాసు కొడుకు చేతికే ఇచ్చారు.

"ఇప్పుడు చెప్పండమ్మా," అంది డాక్టరమ్మ.

అత్తయ్య వీపు నిటారుగా పెట్టారు. బస్టాండులో మైకు ముందు అలాగే కూర్చునేవారట. గొంతు ఇంకా బొంగురుగానే ఉంది, కానీ ఆ పాత లయ వచ్చింది.

"మాటిమాటికీ కారెక్కి, మెట్లెక్కి, వీపు చూపించుకుని, మళ్ళీ ఎప్పుడు ఊపిరాగిపోతుందోనని కిటికీ దగ్గర ఎదురుచూస్తూ కూర్చోవడం కన్నా, ఆ గొట్టమేదో పెట్టించుకుని, ఉన్నన్నాళ్ళూ నా మంచం మీద నేను వెల్లకిలా పడుకుని, వీళ్ళని నోరారా తిట్టుకుంటూ ఉండటమే నాకు ఇష్టం."

ఆపారు. దగ్గు రాలేదు. ఎవరూ ఏదీ అందించలేదు.

"ఆ రోజు కూడా ఇంతే అన్నాను," అన్నారు. "ఇష్టం అన్నాను. మాట అయిపోయింది. అయ్యాకే దగ్గొచ్చింది."

నాకు అప్పుడు వెలిగింది. ఇష్టం అంటే ఇష్టమే. దాని తరవాత ఏ మాటా అక్కర్లేదు. ఆ వాక్యం సగంలో ఆగలేదు. నిండుగా ఉన్న వాక్యానికి ఈయన ఇంకో మాట అతికించారు.

డాక్టరమ్మ ఆశ్చర్యంగా చూసింది. "మరి పోయినసారి లేదన్నారే?"

అత్తయ్య కొడుకుని చూశారు. "దగ్గులో సరిగా వినపడి ఉండదు లెండి," అన్నారు. కొడుకుని కాపాడటానికి ఉన్న కాస్త ఊపిరీ ఖర్చు పెట్టేస్తున్నారు.

"అంతే అయ్యుంటుంది," అన్నారు మా ఆయన వెంటనే. "లేకపోతే ఇప్పుడు మనసు మార్చుకుందేమో. పెద్దవాళ్ళు కదా, రోజుకో రకంగా..."

ఒళ్ళు మండిపోయింది నాకు. పక్కన బల్ల మీది సీసా పగులుతుందన్న భయం లేకపోతే దేన్నైనా విసిరేదాన్ని. వదిన తలుపుకి ఆనుకుని కళ్ళు మూసుకుంది.

"సరే, అయితే గొట్టం పెడతాను," అంది డాక్టరమ్మ ఇక ఆ సంగతిలోకి వెళ్ళకుండా. "ఇంకో గంటలో గది ఖాళీ అవుతుంది. కానీ ఒకటి. ఇంట్లో ఆ సీసా తగిలించడం, ఎంత తీయాలో చూసి ఆపడం, నొప్పంటే వెంటనే మూసేయడం, కట్టు మార్చడం ఎవరో ఒకరు నేర్చుకోవాలి. ఇవాళే నర్సు చూపిస్తుంది. ఎవరు నేర్చుకుంటారు?"

నేను నోరు తెరిచాను. అత్తయ్య నా మోచేయి పట్టుకున్నారు. గట్టిగానే పట్టుకున్నారు. నేను మూసేశాను.

ఆవిడ కొడుకు వైపు తిరిగారు.

ఆయన చేతిలో ఇంకా ఆ ఖాళీ గ్లాసు ఉంది. దాన్ని అటూ ఇటూ తిప్పారు. సీసా వైపు చూడబోయి మానేశారు. గోడ మీది ఫిల్ములో గోడకి అంటని ఆ ఖాళీ వైపు చూశారు.

"డాక్టరుగారూ," అన్నారు. "అమ్మ మనసు మార్చుకోలేదు. వినపడకపోవడమూ కాదు. నాకు వినపడింది. కానీ గొట్టం పెట్టాక ఇక అది ఉండిపోతుంది కదా. ఉండిపోయిందంటే ఇది నయమయ్యేది కాదని నేను ఒప్పుకున్నట్టు... అమ్మని నేను..."

దగ్గూ లేదు, నీరూ లేదు, ఊపిరితిత్తులు రెండూ నిక్షేపంగా ఉన్న మనిషి. అయినా ఆఖరి మాటదాకా రాలేకపోయారు.

వదిన అందించబోయింది. అత్తయ్య అరచెయ్యి ఎత్తి ఆపారు.

అందరం ఆగాం. బయట వరండాలో ఎవరిదో చక్రాల కుర్చీ కిర్రుమంటూ వెళ్ళిపోయింది. నర్సు ఆక్సిజన్ చూసి, మళ్ళీ మమ్మల్ని చూసింది. అత్తయ్య కళ్ళు కొడుకు పెదవుల మీదే ఉన్నాయి, ప్లాట్‌ఫారం మీదికి రావాల్సిన బస్సు కోసం చూసినట్టు.

"ఆ 'లేదు' నాదేనమ్మా," అన్నారు ఆయన. "తప్పు చేశాను."